హేగ్ నడిబొడ్డున పాతకాలపు పెద్ద అపార్ట్‌మెంట్ కొనడం ఎలా?

నెదర్లాండ్స్‌లో ఇల్లు కొనాలనుకోగానే మనవాళ్ల చూపు ముందు ఊరి అంచున లేచే కొత్త కట్టడాల మీదే పడుతుంది. లిఫ్టు, పార్కింగు ఉంటాయి, కరెంటు బిల్లు తక్కువ, కాగితాల గొడవ తక్కువ. అందులో తప్పేమీ లేదు. కానీ హేగ్ లాంటి ఊళ్లో 1880 నుంచి 1920 మధ్య కట్టిన వీధుల్లోకి ఒకసారి వెళ్లి చూడండి. మూడు మీటర్లు దాటిన సీలింగు, వీధి వైపు నిలువెత్తు కిటికీలు, ముందు గదికీ వెనక గదికీ మధ్య రంగుటద్దాల జరుపుడు తలుపులు, నూరూ నూట ఇరవై చదరపు మీటర్ల జాగా. ట్రామ్ గుమ్మం దగ్గరే ఆగుతుంది, స్టేషన్‌కి సైకిల్ మీద పది నిమిషాలు. పండక్కి పాతికమంది వచ్చినా కూర్చోబెట్టి వడ్డించవచ్చు.

ఇలాంటి ఇల్లు కొనొచ్చు, హాయిగా ఉండొచ్చు. కాకపోతే చూసే పద్ధతి మార్చుకోవాలి. మీరు కొంటున్నది నాలుగు గదులు కాదు, నూట పాతికేళ్ల భవనంలో ఒక వాటా. పైకప్పు, పునాది, మురుగు గొట్టాలు, కింద పైన ఉండే ఇద్దరు ముగ్గురు యజమానులు అన్నీ ఆ వాటాతోపాటే వస్తాయి. గదులు నచ్చడానికి ఐదు నిమిషాలు చాలు. మిగతావి తెలుసుకోవడానికే ఈ వ్యాసం.

1. ముందు డబ్బు లెక్క తేల్చుకోండి

ఇల్లు చూడకముందే హోమ్ లోన్ సలహాదారుతో కూర్చోండి. ఇక్కడ ఇంటి విలువలో నూటికి నూరు శాతం వరకూ అప్పు పుడుతుంది. ఎంత ఇస్తారన్నది మీ జీతం, వడ్డీ రేటు, ఉన్న అప్పులు, ఇంటి ఎనర్జీ లేబుల్ (ఇల్లు ఎంత ఇంధనం తింటుందో చెప్పే గ్రేడు) చూసి తేలుస్తారు. ఇండియాలో హోమ్ లోన్ నడుస్తుంటే దాచకండి, అది కూడా చెప్పాల్సిందే. కార్ లీజు, క్రెడిట్ కార్డు పరిమితి, ఫోను వాయిదాలు కూడా లెక్కలోకి వస్తాయి. డచ్ పౌరసత్వం లేకపోయినా ఇల్లు కొనవచ్చు, అప్పు కూడా దొరుకుతుంది. కాకపోతే మీ రెసిడెన్స్ పర్మిట్ తాత్కాలికమైతే కొన్ని బ్యాంకులు తక్కువ శాతం ఇస్తాయి, కొన్ని అసలు ఇవ్వవు. ఉద్యోగం పర్మనెంట్ కాకపోతే కంపెనీ నుంచి కొనసాగిస్తామన్న లేఖ అడుగుతారు. అందుకే ఒక్క బ్యాంకుతో ఆగకుండా, చాలా బ్యాంకులతో పనిచేసే స్వతంత్ర సలహాదారు దగ్గరికి వెళ్లడం మేలు.

ఇల్లు అప్పుతో వచ్చినా ఖర్చులు మాత్రం చేతి డబ్బే. ఇళ్ల ప్రకటనలుండే ఫండా సైటులో ధర పక్కన కే.కే. అని కనబడితే రిజిస్ట్రేషన్ ఖర్చులు కొనేవాళ్లవని అర్థం. పాత ఇళ్లన్నీ దాదాపు అలాగే ఉంటాయి. 6 లక్షల యూరోల ఇంటికి ట్రాన్స్‌ఫర్ ట్యాక్స్ 2 శాతం, అంటే 12,000. లోన్ సలహాదారుకు రెండు మూడు వేలు, విలువ కట్టేవాళ్లకు ఆరేడు వందలు, ఇంటి తనిఖీకి ఐదు వందల చిల్లర, నోటరీకీ (ఇక్కడ ఇంటి రిజిస్ట్రేషన్ నడిపించేది వీళ్లే) దుబాసీకీ కలిపి రెండు వేల పైన, మీ తరఫు ఏజెంటుకు కొన్ని వేలు. అన్నీ కలిపి పాతిక వేల యూరోలు విడిగా పెట్టుకోకుండా దిగకండి.

35 ఏళ్లు నిండనివాళ్లకు ఒక పెద్ద వెసులుబాటు ఉంది. సొంతంగా ఉండటానికి కొనే ఇంటికి, జీవితంలో ఒకసారి, ట్రాన్స్‌ఫర్ ట్యాక్స్ పూర్తిగా మాఫీ. 2025లో ఇంటి విలువ 5,25,000 యూరోలు దాటకూడదు, 2026లో ఆ పరిమితి 5,55,000. ఒక్క యూరో దాటినా మొత్తం మాఫీ పోతుంది, దాటిన మేరకే కాదు. వయసు లెక్క వేసేది నోటరీ దగ్గర సంతకం పెట్టే రోజున. భర్తకు 36, భార్యకు 33 అయితే భార్య వాటాకు మాత్రమే మాఫీ. 35వ పుట్టినరోజు దగ్గరపడుతుంటే రిజిస్ట్రేషన్ ఆలోపే పెట్టమని అమ్మేవాళ్లను అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

ఎన్‌హెచ్‌జీ అనే జాతీయ హామీ కింద అప్పు తీసుకుంటే వడ్డీ కొంచెం తగ్గుతుంది. ఉద్యోగం పోయి ఇల్లు నష్టానికి అమ్మాల్సివస్తే రక్షణ కూడా ఉంటుంది. దాని పరిమితి 2025లో 4,50,000, 2026లో 4,70,000 యూరోలు. నడిబొడ్డున పెద్ద ఇల్లంటే ఈ పరిమితి దాటడమే ఎక్కువ.

ఊరి నుంచి అమ్మానాన్నలు డబ్బు పంపుతారా? డచ్ గిఫ్ట్ ట్యాక్స్ ఇచ్చేవాళ్లు ఎక్కడుంటారన్న దాన్ని బట్టి పడుతుంది. ఇండియాలోనే ఉండే భారతీయ తల్లిదండ్రులు ఇస్తే సాధారణంగా ఇక్కడ పన్ను లేదు. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం ఒక్కొక్కరు ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల వరకూ పంపవచ్చు. అసలు తంటా కాగితాల దగ్గర వస్తుంది. ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇక్కడి బ్యాంకు, నోటరీ ఇద్దరూ అడుగుతారు. పొలం అమ్మిన డబ్బయితే సేల్ డీడ్, ఎఫ్‌డీ తీసిందైతే స్టేట్‌మెంట్, కానుక ఇచ్చినట్టు ఒక లేఖ. ఇవన్నీ ఇంగ్లిషులో సిద్ధంగా ఉంచుకోండి. తెలుగులో ఉన్న దస్తావేజుకు అనువాదం చేయించడానికే వారాలు పడుతుంది. ఇంటిపేరు పాస్‌పోర్టులో ఒకలా, బ్యాంకులో పొడి అక్షరంగా మరోలా ఉంటే అదీ ముందే సరిచేయించుకోండి.

2. ఏ వీధి, ఎలాంటి ఇల్లు

హేగ్ సెంట్రమ్ నుంచి నడిచి వెళ్లే దూరంలోనే జేహెల్డెన్‌క్వార్టీర్, ఆర్కిపెల్‌బ్యూర్ట్, విలెమ్స్‌పార్క్ ఉన్నాయి. కాస్త అవతల డౌన్‌ఓర్డ్, రెఖెంటెసె వైపు వీధులు. ఆర్కిపెల్‌బ్యూర్ట్‌లో జావా, సుమత్రా లాంటి ఇండోనేషియా దీవుల పేర్లతో వీధులుంటాయి, ఇళ్లు పెద్దవి, ధరలూ పెద్దవే. జేహెల్డెన్‌లో చిన్న కొట్లు, కాఫీ అంగళ్లు, సందడి ఎక్కువ. ఊళ్లో సురినామ్ నుంచి వచ్చిన, భారతీయ మూలాలున్న హిందుస్తానీ కుటుంబాలు చాలా ఉండబట్టి పాల్ క్రూగర్‌లాన్ వైపు సైకిల్ తొక్కితే కరివేపాకు, బెండకాయలు, పప్పులు అన్నీ దొరుకుతాయి. రోజువారీ బతుక్కి ఇది చిన్న విషయం కాదు.

పాత ఇళ్లలో రకాలు తెలుసుకుంటే ప్రకటన చదవగానే బొమ్మ కడుతుంది. బెనెడెన్‌వోనింగ్ అంటే కింది అంతస్తు, తరచూ పెరడుతో. బోవెన్‌వోనింగ్ అంటే పై అంతస్తు. డబుల్ బోవెన్‌హౌస్ అంటే పై రెండంతస్తులూ మీవే, లోపల మళ్లీ మెట్లు. హేగ్‌కే ప్రత్యేకమైన పోర్టీక్ ఇళ్లకు వీధిలోంచి తలుపు లేని రాతి మెట్లు ఉంటాయి, పైన ఒక చిన్న వసారా, అందులో వరసగా మూడు నాలుగు వీధి తలుపులు.

మెట్ల గురించి గట్టిగా ఆలోచించండి. లోపలి చెక్కమెట్లు ఇరుకుగా, నిటారుగా ఉంటాయి. ఏటా ఆరు నెలలు అమ్మ వచ్చి ఉంటుందనుకుంటే, మోకాళ్ల నొప్పులతో మూడో అంతస్తు ఎక్కగలదా? పిల్లల బండి ఎక్కడ పెడతారు? సోఫా మెట్ల మీద ఎక్కదు, కిటికీలోంచి మోటారు నిచ్చెనతో ఎక్కించాలి. ఇది ఇక్కడ మామూలే, సామాన్లు మార్చేవాళ్లే తెస్తారు. కానీ మనిషికి అలాంటి నిచ్చెన లేదు. పెద్దవాళ్లు వచ్చిపోయే కుటుంబమైతే మిగతావన్నీ నచ్చినా కింది అంతస్తో మొదటి అంతస్తో చూడమని చెబుతాను.

కొలతలు చదివేటప్పుడు నివాసయోగ్యమైన విస్తీర్ణం ఎంతో విడిగా చూడండి. బాల్కనీ, బయటి స్టోరు దాంట్లో కలవవు. అటకగదిలో ఎత్తు మీటరున్నర కంటే తక్కువ ఉన్న చోటును లెక్కలోకి తీసుకోరు. మూడు గదుల పొడవైన ఇంట్లో మధ్య గది చీకటిగా ఉండటం ఈ కాలపు ఇళ్ల లక్షణం. మధ్యాహ్నం పూట, లైట్లు ఆర్పించి చూడండి.

3. ఇంటికి ముందు వీవీఈ కాగితాలు అడగండి

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. హైదరాబాద్ ఫ్లాట్లలో అసోసియేషన్ ఉన్నట్టే ఇక్కడ ప్రతి అపార్ట్‌మెంట్ భవనానికీ యజమానుల సంఘం ఉంటుంది, పేరు వీవీఈ. కొన్న మరుక్షణం మీరు సభ్యులే, చేరను అనడానికి లేదు. మన దగ్గర యూడీఎస్ అని భూమిలో వాటా రాస్తారు కదా, ఇక్కడ భవనం మొత్తంలో వాటా రాసి, అందులో ఫలానా భాగం వాడుకునే హక్కు మీదని ఇస్తారు.

హేగ్ పాత వీధుల్లో చాలా వీవీఈల్లో రెండో మూడో ఇళ్లు మాత్రమే ఉంటాయి. ఒక పెద్ద ఇంటిని ఎప్పుడో అంతస్తులవారీగా విడదీశారు. ఇలాంటి చిన్న సంఘాలు రెండు రకాలు. కొన్నింట్లో ముగ్గురూ ఏటా కూర్చుని లెక్క చూసుకుంటారు. కొన్ని కాగితం మీదే ఉంటాయి. సమావేశం లేదు, బ్యాంకు ఖాతా లేదు, ఏదైనా పాడైనప్పుడు జేబులోంచి తీసి పంచుకోవడమే. రెండోరకానికి ఇక్కడ నిద్రపోతున్న సంఘం అని పేరు. బ్యాంకులు వీటిని చూసి జంకుతాయి, రేపు మీ దగ్గర కొనేవాళ్లూ జంకుతారు.

2018 జనవరి 1 నుంచి చట్టం ఒకటుంది. ప్రతి వీవీఈ మరమ్మతుల నిధికి ఏటా డబ్బు వేయాలి. ఎంతన్నది దీర్ఘకాలిక మరమ్మతుల ప్రణాళిక ప్రకారమైనా ఉండాలి, అది లేకపోతే భవనాన్ని మళ్లీ కట్టడానికయ్యే ఖర్చులో కనీసం అర శాతం. లెక్క వేసి చూడండి. మూడిళ్ల భవనం మళ్లీ కట్టడానికి 15 లక్షల యూరోలనుకుంటే ఏడాదికి 7,500. ముగ్గురూ సమానమైతే ఒక్కొక్కరికి 2,500, నెలకు రెండు వందల పైన. ప్రకటనలో వీవీఈ నెలకు 50 యూరోలు అని ఉంటే అది చవక అనుకుని సంతోషించకండి. ఆ మిగతా డబ్బు పైకప్పు కారిన రోజున మీ దగ్గరే వసూలవుతుంది.

అడగాల్సిన కాగితాలు: భవనాన్ని విభజించిన దస్తావేజు, దానితో ఉన్న పటం, నియమావళి, గత మూడేళ్ల సమావేశాల మినిట్స్, చివరి ఏడాది లెక్కలు, మరమ్మతుల ప్రణాళిక, భవన బీమా పాలసీ, వాణిజ్య మండలిలో నమోదు. అన్నీ డచ్చులోనే ఉంటాయి. ఫోనులో అనువదించి చదివినా ఫర్వాలేదు, కానీ చదవండి. ముఖ్యంగా మినిట్స్. వరసగా మూడేళ్లు ‘వెనక గోడ తేమ, వచ్చే సమావేశంలో చర్చిద్దాం’ అని ఉంటే ఆ తేమ ఇంకా అక్కడే ఉంది, దానికి డబ్బు మీరే పెట్టబోతున్నారు.

విభజన పటాన్ని ఇంటితో సరిపోల్చండి. అటక మీద అందమైన పడకగది చూపిస్తారు, పటంలో అది ఉమ్మడి స్థలం అయుండొచ్చు. పైకప్పు మీద చెక్క టెర్రస్ చూపిస్తారు, సంఘం అనుమతి గానీ మున్సిపాలిటీ అనుమతి గానీ ఉండకపోవచ్చు. పటంలో లేనిది మీది కాదు.

ఓట్ల లెక్క కూడా చూడండి. రెండే ఇళ్లుండి చెరో ఓటూ అయితే, ఒకరు కాదంటే పని ఆగిపోతుంది. సబబైన కారణం లేకుండా అడ్డుపడితే కోర్టు అనుమతి తెచ్చుకోవచ్చు గానీ పక్కింటివాళ్లతో కోర్టుకెక్కి కాపురం చేయడం ఎవరికి కావాలి? కాబట్టి వీలైతే పైనా కిందా ఉండేవాళ్ల తలుపు తట్టి మాట్లాడండి. ఇక్కడ దాన్ని తప్పుగా తీసుకోరు. ‘చివరిసారి పైకప్పు ఎప్పుడు వేశారు? శబ్దాలు ఎలా వినిపిస్తాయి?’ అని రెండు ప్రశ్నలు అడిగితే సగం సంగతి తెలిసిపోతుంది.

అమ్మేవాళ్లు సంఘానికి బాకీ పడి ఉంటే, ఈ ఏడాదిదీ పోయిన ఏడాదిదీ చట్టప్రకారం మీ నుంచి కూడా వసూలు చేయవచ్చు. నోటరీ సంఘం నుంచి బాకీల పత్రం తెప్పిస్తారు. అది వచ్చాకే సంతకం.

4. భూమి ఎవరిది?

కొన్ని ఇళ్ల కింద భూమి మున్సిపాలిటీదే. ఎర్ఫ్‌పాఖ్ట్ అంటారు, దీర్ఘకాల లీజు. ప్రకటనలో ‘ఐఖెన్ ఖ్రోండ్’ అని ఉంటే భూమి సొంతం, ఆ బెడద లేదు. లీజు శాశ్వతం, సొమ్ము మొత్తం ముందే కట్టేశారు అని ఉన్నా దిగులు లేదు. ఏటా కౌలు కట్టాలంటే ఎంత, ఎప్పుడు పెరుగుతుంది, లీజు ఏ ఏడాది ముగుస్తుంది అని రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఆమ్‌స్టర్‌డామ్‌లో చూసేవాళ్లకైతే ఇది చాలా పెద్ద విషయం, అక్కడ ఎక్కువ భూమి నగరానిదే.

5. పునాది నుంచి పైకప్పు దాకా

హేగ్ పాత ఇసుక దిబ్బల మీదా, వాటి మధ్య బురదనేల మీదా పెరిగిన ఊరు. సముద్రం వైపు ఇసుక, లోపలివైపు మెత్తని పీట్ నేల. లాన్ ఫాన్ మేర్డెర్‌ఫోర్ట్ రోడ్డే రెంటికీ హద్దు అని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఇసుక మీద ఇల్లు నేరుగా నిలబడుతుంది. పీట్ నేలలో చెక్క స్తంభాలు దింపి కట్టారు. ఆమ్‌స్టర్‌డామ్ రాజభవనం 13,659 చెక్క స్తంభాల మీద నిలబడి ఉందంటే ఆ పద్ధతి ఎంత గట్టిదో తెలుస్తుంది. చిక్కు ఏమిటంటే, ఆ చెక్క ఎప్పుడూ నీళ్లలోనే ఉండాలి. ఎండాకాలం వానలు లేక భూగర్భ నీటిమట్టం తగ్గితే స్తంభం తలకు గాలి తగిలి కుళ్లుతుంది. పునాది బాగుచేయించాలంటే పదుల వేల యూరోలు, కొన్నిసార్లు లక్ష పైన. అది వీవీఈ మొత్తానికి పడే ఖర్చు.

కాబట్టి వీధిలో నిలబడి ఇంటి ముఖాన్ని చూడండి. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పాకే పగుళ్లు, ఒక పక్కకు ఒరిగిన ఇటుక వరసలు, పక్కింటికీ దీనికీ మధ్య విచ్చుకున్న సందు. లోపల తలుపులు వాటంతటవే తెరుచుకుంటున్నాయా చూడండి. నూరేళ్ల ఇల్లు కాస్త ఒరగడం సహజం, పాత పగుళ్లకు రంగులేసి పదేళ్లయినా కదలకపోతే కంగారు అక్కర్లేదు. కొత్తగా విచ్చుకుంటున్న పగులే ప్రమాదం. వీధిలో వేరే ఇళ్లకు పునాది మరమ్మతులు జరిగాయా అని మీ ఏజెంటును తెలుసుకోమనండి.

తనిఖీ ఇంజినీరును తప్పకుండా పెట్టుకోండి. ఈ మొత్తం వ్యవహారంలో ఆ ఐదు వందల యూరోల కంటే లాభసాటి ఖర్చు లేదు. మీ ఇల్లు ఒక్కటే కాదు, పైకప్పు, ముంగిట గోడ, నేలకింది ఖాళీ కూడా చూడమని ముందే చెప్పండి. బాత్రూమ్ కింద దూలాల చివర్లు, బాల్కనీలను మోసే ఇనుప దూలాల తుప్పు, జింకు కాలువల కారుడు ఈ ఇళ్లలో పదేపదే కనిపించే జబ్బులు. 1960కి ముందు కట్టిన ఇంట్లో సీసపు నీటి గొట్టాలు మిగిలి ఉండొచ్చు. చిన్నపిల్లలున్న ఇంట్లో అవి అస్సలు ఉండకూడదు. ఆస్బెస్టాస్‌ను 1993లో నిషేధించారు, అంతకుముందు వేసిన పాత వినైల్ నేలల కింద, పొగగొట్టాల్లో దొరకవచ్చు.

ఇక మన వంటిల్లు. పొయ్యి పైన హుడ్ గాలి బయటికి పోతోందా, లేక వడగట్టి మళ్లీ గదిలోకే వదులుతోందా చూడండి. తాళింపు రోజూ పెట్టే ఇంట్లో రెండోరకం హుడ్ పనికిరాదు, వాసన జరుపుడు తలుపులు దాటి పడకగది దాకా వెళుతుంది. గోడకు కొత్త రంధ్రం కొట్టిద్దామంటే ఆ గోడ ఉమ్మడి ఆస్తి, సంఘం ఒప్పుకోవాలి. గ్యాసు తీసేసి ఇండక్షన్ పెట్టాలనుకుంటే మీటరు పెట్టె తెరిపించి త్రీ ఫేజ్ ఉందా చూడండి.

నేలలు చెక్క దూలాల మీద ఉంటాయి. మీ అడుగుల చప్పుడు కిందివాళ్లకు, పైవాళ్ల చప్పుడు మీకు వినిపిస్తుంది. అందుకే చాలా సంఘాల నియమావళిలో చెక్క, టైల్ లాంటి గట్టి నేల వేయాలంటే శబ్దం ఇంత డెసిబెల్స్ తగ్గాలని షరతు ఉంటుంది, తరచూ పది. అమ్మేవాళ్లు వేసిన నేల ఆ షరతుకు తగ్గట్టు ఉందా అని అడగండి. లేకపోతే ఫిర్యాదు వచ్చేది మీ మీదికి. పొద్దున్నే పిండి రుబ్బే గ్రైండర్ కింద మందపాటి రబ్బరు పలక వేస్తే సరిపోతుంది.

ఎనర్జీ లేబుల్ ఈ ఇళ్లకు సాధారణంగా డీ నుంచి జీ మధ్య ఉంటుంది. అద్దాలు ఒంటిపొరవా, రెండుపొరలవా కిటికీ కిటికీకీ చూడండి. ఇల్లు జాతీయ స్మారకం అయితే, లేదా ఆర్కిపెల్‌బ్యూర్ట్‌లా రక్షిత వీధుల్లో ఉంటే, ముందు కిటికీలు మార్చడానికి అనుమతి కావాలి. పలుచని రెండుపొరల అద్దం, లోపలివైపు అదనపు కిటికీ లాంటి దారులున్నాయి. జాతీయ స్మారక గృహమైతే అర్హమైన నిర్వహణ ఖర్చులో 38 శాతం ప్రభుత్వ సబ్సిడీ దొరుకుతుంది. లేబుల్ బాగోలేని ఇంటికి ఇన్సులేషన్ కోసం బ్యాంకు అదనంగా అప్పిస్తుంది, విలువలో 106 శాతం వరకూ. ఇది మొదటి అప్పుతోపాటే అడగండి, తర్వాత మళ్లీ నోటరీ ఖర్చు పడకుండా ఉంటుంది.

6. ధర చెప్పడం

ప్రకటనలో ఉన్న ధర అమ్మేవాళ్ల మాట ఇవ్వడం కాదు, బేరానికి పిలుపు మాత్రమే. అంత ఇస్తానన్నా వాళ్లు అమ్మనక్కర్లేదు. మంచి ఇంటికి ఒకే రోజున అందరూ సీల్డ్ బిడ్లు ఇవ్వాల్సి వస్తుంది. మీ తరఫున ఒక మాకెలార్‌ను, అంటే ఇళ్ల ఏజెంటును, పెట్టుకోండి. ఆయన ఆ వీధిలో గత ఏడాది అమ్ముడుపోయిన ఇళ్ల ధరలు తీసి చూపిస్తారు. ఇంట్లో చూపించే ఏజెంటు ఎంత నవ్వుతూ మాట్లాడినా అమ్మేవాళ్ల మనిషి. ‘మీ పరిమితి ఎంత’ అంటే ఆయనకు చెప్పకండి.

పోటీలో పడి పెంచేముందు ఒక్క లెక్క. బ్యాంకు మీరు చెప్పిన ధరకు కాదు, నిపుణుడు కట్టిన విలువకు అప్పిస్తుంది. 5,75,000 ఇంటికి 6,10,000 చెప్పారు, విలువ 5,90,000గా తేలింది అనుకోండి. ఆ 20,000 చేతి నుంచే, పైన చెప్పిన ఖర్చులు కాక.

అప్పు పుట్టకపోతే విరమించుకుంటా అన్న షరతును గెలుపు కోసం వదిలేయమని కొందరు సలహా ఇస్తారు. వదలకండి. షరతు లేకుండా సంతకం చేసి అప్పు రాకపోతే ధరలో పదోవంతు పోతుంది. ఇంకో ఇల్లు దొరుకుతుంది, అరవై వేల యూరోలు మళ్లీ దొరకవు. తనిఖీ షరతు మాత్రం కావాలంటే వదలొచ్చు, అదీ బిడ్ వేయడానికి ముందే ఇంజినీరుతో చూపించుకుని ఉంటేనే. ఓడిపోతే ఏజెంటు దగ్గర బిడ్ల నమోదు ఉంటుంది, అది చూపమని అడగవచ్చు.

7. అగ్రిమెంటు నుంచి తాళాల వరకు

నోటి మాటతో ఏదీ ఖాయం కాదు, రాతపూర్వక ఒప్పందమే ఒప్పందం. సంతకాలయిన ప్రతి మీ చేతికొచ్చాక కారణం చెప్పకుండా వెనక్కి తగ్గడానికి మూడు రోజులు గడువుంటుంది, అందులో కనీసం రెండు పనిదినాలు కావాలి. శుక్రవారం అందితే మంగళవారం రాత్రి దాకా అన్నమాట. ఆ మూడు రోజులూ ఖాళీగా కూర్చోకండి, ఒప్పందాన్ని మరొకరితో చదివించండి.

పాత ఇళ్ల ఒప్పందాల్లో కొన్ని షరతులు చేరుస్తారు. ఇల్లు పాతది కాబట్టి కొత్తదానిలా ఆశించవద్దు అన్నది ఒకటి. ఆస్బెస్టాస్ ఉండొచ్చు అన్నది ఇంకొకటి. అమ్మేవాళ్లు ఎప్పుడూ ఇక్కడ నివసించలేదు, లోపాలు తెలియవు అన్నది మూడోది. వాటితో సమస్యల భారం మీ మీదికి జరుగుతుంది. వయసు షరతు దాదాపు తప్పదు. కానీ పునాది గురించి ప్రత్యేకంగా షరతు పెట్టారంటే ఎందుకు పెట్టారో అడిగి, జవాబు వచ్చేదాకా సంతకం ఆపండి.

తర్వాత బయానా. పది శాతం నోటరీ ఖాతాలో వేయాలి, లేదా బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలి. డబ్బు ఎప్పుడూ నోటరీ ఖాతాకే, అమ్మేవాళ్ల చేతికి కాదు. నోటరీని సాధారణంగా కొనేవాళ్లే ఎంచుకుంటారు, నాలుగు చోట్ల ధర అడగండి. డచ్చు రాకపోతే దుబాసీ తప్పనిసరి, ముందుగా చెప్పి పెట్టుకోండి.

సంతకం రోజు పొద్దున ఇంటిని చివరిసారి చూపిస్తారు. జాబితాలో ఉంటుందన్న కర్టెన్లు, ఫ్రిజ్, దీపాలు ఉన్నాయా, కుళాయిలు తిరుగుతున్నాయా, మీటర్ల అంకెలు ఎంత, అన్నీ ఫోటో తీసుకోండి. నోటరీ కడాస్టర్ అనే భూమి రికార్డుల్లో మరోసారి వెతికి, ఇంటి మీద అప్పుగానీ జప్తుగానీ లేదని తేల్చాకే దస్తావేజు చదువుతారు. తాళాలు ఆ బల్ల మీదే చేతికొస్తాయి.

మారిన ఐదు రోజుల్లోపు మున్సిపాలిటీలో చిరునామా మార్చండి. ఇంట్లో సామాన్లకు బీమా మీరే తీసుకోవాలి, భవనానిది సంఘం చూసుకుంటుంది. బ్యాంకు అనుమతి లేకుండా ఇల్లు అద్దెకివ్వడం లోన్ ఒప్పందానికి విరుద్ధం, ఆరు నెలలు ఇండియా వెళ్తున్నా సరే. వడ్డీ మీద పన్ను మినహాయింపు ఏడాది చివరిదాకా ఆగకుండా నెలనెలా ఖాతాలో పడేలా పన్ను శాఖకు ముందస్తు దరఖాస్తు చేసుకోవచ్చు. సుమారు 37.5 శాతం వరకూ తిరిగివస్తుంది, అయితే ఇంటి వోజ్ విలువలో (ఏటా మున్సిపాలిటీ కట్టే విలువ) 0.35 శాతాన్ని మీ ఆదాయానికి కలుపుతారు. సలహాదారుకు, విలువ కట్టినవాళ్లకు, లోన్ దస్తావేజుకు ఇచ్చిన ఫీజులను కూడా ఆ ఏడాది రిటర్నులో ఒకసారి చూపించవచ్చు, రసీదులు పారేయకండి. ట్రాన్స్‌ఫర్ ట్యాక్స్ మాత్రం చూపించడం కుదరదు.

మొదటి నెలలోనే వీవీఈ సమావేశం పెట్టమని పైనా కిందా ఉన్నవాళ్లను అడగండి. మరమ్మతుల ప్రణాళిక లేకపోతే దాన్ని చేయించడమే మొదటి అంశంగా రాయించండి. ఇంధన ఆదా పనులు కూడా కలిపిన ప్రణాళిక చేయించడానికి, ఇన్సులేషన్‌కి వీవీఈలకు ప్రభుత్వ సబ్సిడీ ఉంది. ఆ దరఖాస్తు సంఘం పేరు మీదే వెళ్లాలి.